తెల్లవార్లూ పద్యం

కరపత్రంలో కృష్ణులు ఇద్దరుండేవారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు. హరిశ్చంద్ర నాటకమైతే వారణాసి సీనుకు ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనుకు వేరొకరు. పేరున్న నటుల్ని డబ్బిచ్చి పిలిపించే కాంట్రాక్టు నాటకాలు జోరుగా సాగిన రోజుల్లో కోస్తా జిల్లాల పల్లెల్లో ఇలాంటి కాగితాలు గోడలనిండా అంటించి ఉండేవి. ఒకే పాత్రలో ఇద్దరేమిటని ఎవరూ విడ్డూరపడలేదు. ఒకే రాత్రి ఇద్దరు గాయకుల్ని వినొచ్చు, ఎవరి పద్యం గొప్పదో తెల్లారాక టీ కొట్టు దగ్గర తేల్చుకోవచ్చు.

అంతమంది పేరున్న నటుల్ని పిలిపించే స్తోమత అన్ని ఊళ్ళకూ ఉండేది కాదు. చందాలు పోగుచేసుకుని, ఉన్నంతలో ఒక కృష్ణుణ్ణో ఒక చంద్రమతినో బయటినుంచి తెచ్చుకుంటే, మిగతా వేషాలు ఊరివాళ్ళే కట్టేవారు. ధర్మరాజు రైతు. దుర్యోధనుడు బడిపంతులు. భీముడు మిల్లులో బస్తాలు మోసేవాడు. నక్షత్రకుడు దర్జీ. పగలు ఎవరి పని వాళ్ళది, రాత్రి పది దాటాక అందరూ గాయకులే. పాట బతుకుతెరువు కాని ఈ ఔత్సాహికులే పద్యనాటకాన్ని పల్లెల్లో తరాల తరబడి నిలబెట్టారు. నాటక చరిత్రలు పేరున్నవాళ్ళను తలుచుకున్నాయి, తలుచుకోవలసిందే. ఈ ఊరి గాయకులు మాత్రం ఊరి జ్ఞాపకంలోనే ఉండిపోయారు. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

ఔత్సాహికులది తెలుగు నాటకంలో మొదటినుంచీ పెద్ద పాత్రే. ధార్వాడ నాటక కంపెనీ ఆంధ్రదేశం తిరిగి వెళ్ళాక, 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం నాటకం ఆడించింది తన విద్యార్థులతోనే. బళ్ళారిలో సరసవినోదినీ సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వృత్తికి వకీలు. నాటకంలో పద్యాలకూ పాటలకూ ఆయన వేసిన దారి మీదే తర్వాతి వాళ్ళంతా నడిచారు. ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం కుర్రతనంలో ఆడవేషాలు వేసినవారు. నాటకాల మోజున్న గురువు వెంట ఆయన రాజమండ్రి చేరడమే ఆ జీవితాన్ని మలుపు తిప్పింది. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు కుటుంబంతో మొదలైన కంపెనీ సంగతి వేరు. వాళ్ళు నాటకాన్నే బతుకు చేసుకున్నారు, ఇప్పటికీ ఆడుతున్నారు. కానీ సురభివాళ్ళు డేరా ఎత్తుకుని వెళ్ళాక ఊళ్ళో మిగిలే కుర్రాళ్ళ మనసులో ఒక కోరిక మొలిచేది, మనమూ ఆడదాం అని.

వాళ్ళకు నాటకాలు సిద్ధంగానే ఉండేవి. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’, తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయం’, ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారం’. పుస్తకం కవిదే అయినా, స్టేజి ఎక్కాక అది పాడేవాడి సొత్తు. నచ్చిన పద్యం ఇంకెక్కడిదైనా సరే తెచ్చి కలుపుకునేవారు. హరిశ్చంద్ర కాటి సీనులో గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు చేరింది అలాగే. బలిజేపల్లి రాసిన నాటకంలో జాషువా పద్యాలేమిటని జనం అడగలేదు సరికదా, ఆ పద్యాలు పాడకుండా కాటి సీను ముగిస్తే ఊరుకునేవారు కాదు. అంటరానితనం భరించి పెరిగిన కవి పద్యాన్ని, అన్ని కులాలవాళ్ళూ కూర్చున్న మైదానంలో, ఏ కులంవాడైనా గొంతెత్తి పాడగలిగిన చోటు ఆ స్టేజి. ఆ రోజుల్లో పల్లెలో అలాంటి చోట్లు ఎన్ని ఉండేవో ఆలోచిస్తే దాని విలువ తెలుస్తుంది.

నాటకం నేర్పడానికి ఊళ్ళోకి హార్మోనిస్టు వచ్చేవాడు. అందరూ మాస్టారనే పిలిచేవారు. నూర్పిళ్ళయి, సంక్రాంతి దాటాక వచ్చి, శివరాత్రికో శ్రీరామనవమికో నాటకం పడేదాకా అక్కడే మకాం. భోజనం వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో, పడక రామమందిరంలో. రాత్రి అన్నాలు తిన్నాక రిహార్సలు మొదలయ్యేది. లాంతరు చుట్టూ చేరి ఒక్కొక్కరే తమ పద్యం అప్పజెప్పేవారు.

వాళ్ళలో చదువు రానివాళ్ళు చాలామంది. మాస్టారు ఒక పాదం చెబితే శిష్యుడు ఆ పాదం అనాలి, నాలుగు పాదాలూ పట్టుబడేదాకా అంతే. శార్దూలమో మత్తేభమో వాడికి తెలియదు, యతి ఎక్కడ పడుతుందో చెప్పలేడు. కానీ పొడుగాటి సంస్కృత సమాసం మధ్యలో ఊపిరి తీస్తే మాస్టారు పెట్టె ఆపేసేవాడు. మాట ఎక్కడ విరుగుతుందో అక్కడే గాలి పీల్చాలి, దానికి ముందు అర్థం తెలియాలి. అర్థం చెప్పించుకునేవారు. పలుగూ పారా పట్టే చేతులవాడు దుర్యోధనుడి ధిక్కారాన్నీ, ధర్మరాజు బెరుకునూ, కృష్ణుడి మాటల్లోని మెలికనూ మాటమాటకూ విడదీసి తెలుసుకున్నాడంటే అది ఆ లాంతరు దగ్గరే. బడి చేయలేని పని హార్మోనియం పెట్టె చేసింది.

వేషం ఊరికే రాదు, డబ్బు కట్టాలి. మాస్టారి జీతం, పట్నం నుంచి అద్దెకు తెచ్చే కిరీటాలు, భుజకీర్తులు, గద, తెరలు, మేకప్ మనిషి, మైకు సెట్టు, ఇవన్నీ వేషగాళ్ళు పంచుకునే ఖర్చులు. పెద్ద వేషానికి పెద్ద వాటా. పద్యం కోసం ధాన్యం అమ్మినవాళ్ళున్నారు, అప్పు చేసినవాళ్ళున్నారు, ఇంట్లో మాటలు పడ్డవాళ్ళున్నారు. ఇంత చేసి వాళ్ళు సంపాదించుకున్నది ఏడాదికి ఒకటో రెండో రాత్రులు. దాన్ని పిచ్చి అన్నవాళ్ళు ఆ కాలంలోనూ ఉన్నారు. కానీ రోజంతా ఇంకొకరి చేలో తలవంచి పనిచేసినవాడు ఆ రాత్రి కిరీటం పెట్టుకుని నిలబడి, ఊరి పెద్దలంతా కింద చాపల మీద కూర్చుని వింటుంటే గొంతు విప్పడం ఎలాంటి అనుభవమో, ఆ అన్నవాళ్ళు ఊహించి ఉండరు.

మాస్టారి పెట్టె సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

హార్మోనియం పుట్టింది పారిస్‌లో. అలెగ్జాండర్ డెబైన్ 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని చేతితో గాలి కొట్టే చిన్న పెట్టెగా మార్చాడు. ఉత్తరాదిన ఆ చేతి పెట్టే వ్యాపించినా, తెలుగు స్టేజి మాత్రం కాలితో తొక్కే పెట్టెనే పట్టుకుంది. లెగ్ హార్మోనియం అనేవారు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. గాలి పని కాళ్ళు చూసుకుంటే రెండు చేతులూ మెట్ల మీదే ఉంటాయి, గాలి ఎడతెగకుండా వస్తుంది, చప్పుడు పెద్దగా ఉంటుంది. స్టేజి ముందు ఒక పక్కగా, వేషగాడి పెదవులు కనపడేలా మాస్టారు కూర్చునేవాడు. పక్కన తబలా.

ఆ పెట్టె లోపల ఇత్తడి రీడ్లుంటాయి. దుమ్ము పడితే ఒక స్వరం మూగబోతుంది. వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి. రెండెడ్ల బండి మీద, బస్సు టాపు మీద ఊళ్ళు తిరిగే పెట్టెకు ఈ జబ్బులు తప్పవు కాబట్టి ప్రతి హార్మోనిస్టూ సగం మెకానిక్కే. రీడు కొన దగ్గర సన్నగా గీకితే శృతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. బ్లేడు ముక్కతో ఒక్క గీత ఎక్కువ పడిందంటే రీడు పనికిరాదు. నాటకం రోజు మధ్యాహ్నం, ఊరంతా కునుకు తీస్తున్న వేళ, మాస్టారు రామమందిరం అరుగు మీద పెట్టె విప్పుకుని, ఒక్కో రీడూ ఊది, విని, గీకి, మళ్ళీ బిగించుకునేవాడు.

అసలు పరీక్ష రాత్రికి. ఒక్కో వేషగాడిది ఒక్కో శృతి. పెట్టె మీద తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు దాకా, మధ్యలో నల్ల మెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. మూడున్నర, ఏడున్నర ఉండవు, అక్కడ నల్ల మెట్టు లేదు గనక. ఒక గాయకుడిది నాలుగో శృతి అంటే ఆయన షడ్జమం నాలుగో మెట్టు మీద ఉందన్నమాట. రాయబారం పద్యాలకు బాగా అచ్చొచ్చిన మోహన రాగాన్నే తీసుకోండి. ఒకటో శృతిలో, నాలుగులో, ఐదులో వాయిస్తే అన్నీ తెల్ల మెట్లే. నాలుగున్నరలో అన్నీ నల్ల మెట్లే. ఐదున్నరకు మారితే రెండు నల్లవి, ఒక తెల్లది, మళ్ళీ నల్లది, మళ్ళీ తెల్లది. కృష్ణుడు ఐదున్నరలో పద్యం ముగించి పక్కకు తప్పుకోగానే, నాలుగో శృతి ధర్మరాజు ముందుకొచ్చి గొంతు సవరించుకుంటాడు. ఆ రెండు క్షణాల్లో మాస్టారి వేళ్ళు మొత్తం దారి మార్చుకోవాలి. కొత్తగా స్టేజి ఎక్కినవాడు భయంతో అరమెట్టు పైకో కిందికో ఎత్తుకుంటే, వాణ్ణి ఆపకుండా, జనానికి తెలియకుండా, మాస్టారే వాడి దగ్గరికి వెళ్ళిపోవాలి. ఎన్ని కచేరీలు చేసినవాడికైనా ఈ విద్య సులువుగా పట్టుబడదు. వేరెవరి తప్పునో తన వేళ్ళతో కప్పేసే ఈ పనికి చప్పట్లు కూడా రావు.

ఔత్సాహికులు అంత పై శృతులు పట్టడానికి కారణం ఉంది. మైకులు రాకముందు, వందలమంది కూర్చున్న మైదానంలో చివరి వరసకు మాట అందాలంటే గొంతు పైన నిలవాలి. మగవాళ్ళు నాలుగు, ఐదు, ఐదున్నర శృతుల్లో పాడింది అందుకే. ఆ గొంతు కోసం చలికాలం తెల్లవారుజామున చెరువులో పీకల్లోతు నీళ్ళలో దిగి సాధన చేసేవారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. తర్వాత గొట్టం మైకులొచ్చాయి. స్టేజికి నడిమధ్యన పైనుంచి ఒకే ఒక్క మైకు వేలాడేది. వచనం ఎక్కడ నిలబడి చెప్పినా, పద్యం వచ్చేసరికి నడిచొచ్చి ఆ మైకు కింద నిలబడాలి. ఇద్దరు వాదులాడుకునే ఘట్టమైతే ఒకరు పాడి తప్పుకోగానే రెండోవారు ఆ చోటులోకి అడుగేసేవారు. దూరం వాళ్ళకు వినపడటం తేలికయ్యాక శృతులు మెల్లగా కిందికి దిగాయి. పై శృతి పోయిందని బాధపడ్డ రసికులున్నారు. కానీ గొంతు బలం లేకపోయినా రాగజ్ఞానం ఉన్నవాళ్ళు స్టేజి ఎక్కగలిగింది కూడా ఆ మైకు పుణ్యమే. అది మంచికే జరిగింది.

పెట్రోమాక్స్ లైట్లకు పంపు కొట్టి, తెర వెనక ప్రార్థన పూర్తయి, తెర లేచేసరికి పదీ పదిన్నర. పిల్లల్ని ముందు చాపల మీద పడుకోబెట్టుకుని ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్ళు వెనక.

స్టేజి పద్యానికి ఒక తీరుంది. ముందు పద్యం మొత్తం తాళం లేకుండా, మాట మాటా స్పష్టంగా చదివినట్టే పాడతారు. నాలుగో పాదం చివర ఒక అక్షరాన్ని పట్టుకుని రాగం తీస్తారు. గొంతు ఒక సంగతి వేస్తే పెట్టె దాన్ని అందుకుని తిరిగి చెబుతుంది, గొంతు ఇంకో మెట్టెక్కుతుంది, పెట్టె వెంటపడుతుంది. ఈ వాదం ఎంతసేపు సాగుతుందో పాడేవాడికీ తెలియదు. పై షడ్జమం దగ్గర గొంతు నిలిపి, మెల్లగా దిగి, పద్యం ఎత్తుగడ మాట దగ్గర వాలేసరికి మైదానం లేచి నిలబడేది. వన్స్‌మోర్! మళ్ళీ అదే పద్యం. రెండోసారి పాడినప్పుడు మొదటిసారి వేసిన సంగతులే వేస్తే జనం పెదవి విరిచేవారు.

వన్స్‌మోర్ వెంటే చదివింపులు. పద్యం మెచ్చినాయన కట్టు సర్దుకుంటూ లేచి స్టేజి దగ్గరికొచ్చి నోటు అందిస్తాడు. నాటకం ఆగుతుంది. ఫలానా ఊరి ఫలానావారు కృష్ణ పాత్రధారికి పది రూపాయలు చదివించారని మైకులో ప్రకటిస్తారు. కృష్ణుడు నమస్కారం పెట్టి నోటు కళ్ళకద్దుకుంటాడు. ఒక్కోసారి పూలదండ, ఒక్కోసారి వెండి పతకం. అటునుంచి ఎవరో అర్జునుడికి పదిహేను చదివిస్తారు. కథ నడకను ఇది చెడగొట్టిందని నాటక విమర్శకులు కోప్పడ్డారు, బళ్ళారి రాఘవ లాంటి మహానటుడు రాగాల కన్నా నటనకే పెద్దపీట వేశారు. నాటకంగా చూస్తే వాళ్ళ మాటకు ఎదురు లేదు. కానీ అక్కడ జరిగేది నాటకం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఊరి గాయకుడికి ఊరు ఇచ్చే గుర్తింపు కూడా అక్కడే జరిగేది, పేరుతో, అందరి ముందూ, మైకులో. పది రూపాయల నోటు ఖర్చయిపోయేది, ఆ ప్రకటన మాత్రం ఆయన ముసలివాడయ్యేదాకా ఊళ్ళో చెప్పుకునేవారు.

వినేవాళ్ళకు పద్యాలన్నీ నోటికొచ్చు. వేషగాడు మూడో పాదం దగ్గర తడబడితే ముందు వరసలోంచి ఎవరో అందించేవారు. శృతి తప్పితే వెనకనుంచి ‘శృతి చూసుకో నాయనా’ అని కేక పడేది. అక్షరం తేడా వస్తే మర్నాడు ఎదురుపడ్డ ప్రతివాడూ అడిగేవాడు. చదువు లేని ముసలమ్మ కూడా రాయబారంలో ఏ పద్యం తర్వాత ఏ పద్యమో చెప్పగలిగేది. స్టేజి ఎక్కడం ఎవరికైనా సాధ్యమే, దిగకుండా నిలబడటం మాత్రం ఆ చెవులను ఒప్పిస్తేనే. ఈ రెండూ ఒక్కచోట ఉండటం అరుదు. పద్యనాటకం పోయాక తెలుగు పల్లె పోగొట్టుకున్న వాటిలో, పాడేవాళ్ళ కన్నా ఈ వినేవాళ్ళ లోటే పెద్దది.

స్టేజి మీద ఆడవేషాలు చాలాకాలం మగవాళ్ళవే. బాపట్లవాసి స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారగా చేసిన పాత్రలు ఆడవాళ్ళకే నడక నేర్పాయని చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు సినిమాలకు వెళ్ళకముందు పేరు తెచ్చుకున్నదీ ఆడవేషాలతోనే. తర్వాత చంద్రమతికీ సత్యభామకూ వృత్తి నటీమణులు వచ్చారు. ఊరి మగవాళ్ళ నాటకంలో చాలాసార్లు వాళ్ళొక్కరే వృత్తి నటులు. తొలిసారి ముఖానికి రంగేసుకుని వణికిపోతున్న హరిశ్చంద్రుణ్ణి సీను పొడుగునా నడిపించి, వాడి పద్యానికి తన ముఖంతో బలమిచ్చి, రాత్రికి రాత్రి తిరుగు ప్రయాణం కట్టేవారు. వాళ్ళకు దక్కాల్సినంత మర్యాద ఊళ్ళు ఇవ్వలేదు. ఈ జ్ఞాపకాలు చెప్పుకునేటప్పుడు దాన్ని దాటేయకూడదు.

ఇక బాణీల గొడవ. ప్రతి కుర్రాడికీ ఒక ఆరాధ్యదైవం ఉండేవాడు. పాత తరానికి కపిలవాయి రామనాథశాస్త్రి గ్రామఫోను రికార్డులు. ఆ తర్వాత, వేలు నోట్లో పెట్టుకుని ఈలతోనే రాగాలు పలికించిన కల్యాణం రఘురామయ్య, ధర్మరాజుగా అద్దంకి శ్రీరామమూర్తి, కృష్ణులుగా పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, హరిశ్చంద్రుడిగా డి.వి. సుబ్బారావు. ఊరి కృష్ణుడు షణ్ముఖిలా పాడతాడా, పీసపాటిలా పాడతాడా అన్నది ఊరి పరువుకు సంబంధించిన విషయం.

ఈలోగా ఇంకో గొంతు వచ్చింది. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టి, విజయనగరం సంగీత కళాశాలలో మధుకరం చేసుకుంటూ చదువుకున్న ఘంటసాల. నాటకాల గాలి పీల్చి పెరిగినవాడే, హార్మోనియం చేతిలో ఉన్నవాడే. కానీ సినిమాలో పద్యానికి దొరికే నిడివి తక్కువ. రాగాలాపన అంత సేపు సాగదీయడానికి లేదు. అందుకని ఆయన పద్యం మాటల్లోనే రాగాన్ని నింపాడు. కోపం, జాలి, వేడికోలు ఏ మాట మీద పడాలో ఆ మాట మీదే పడేటట్టు పాడి, చివర చిన్న రాగంతో ముగించాడు. ఊరి స్టేజి రెండుగా చీలింది. స్టేజి బాణీలో పాడేవాడికి ముసలివాళ్ళ వన్స్‌మోర్‌లు, ఘంటసాల బాణీలో పాడేవాడికి కుర్రాళ్ళవి. పై షడ్జమం అందని గొంతులకు ఘంటసాల దారి పెద్ద ఊరట. పద్యం అర్థం మరికొంతమందికి చేరిందీ ఆ దారిలోనే. అయినా పెట్టెకూ గొంతుకూ మధ్య నడిచే ఆ పొడుగాటి వాదం విన్నవాళ్ళకు ఆ ముచ్చట తీరలేదు.

రేడియో దగ్గర ఊరి హార్మోనిస్టుకు వేరే కష్టం ఎదురైంది. 1940 మార్చి నుంచి ఆకాశవాణి హార్మోనియంను నిషేధించింది. మెట్లు కట్టేసిన వాద్యం కాబట్టి గమకం పలకదని, మన స్వరస్థానాలు దానిమీద సరిగ్గా ఉండవని అభ్యంతరం. 1971 దాకా ఆ నిషేధం సాగింది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలయ్యాక పద్యాలూ పద్యనాటకాలూ ఆ ప్రాంతపు ఇళ్ళలో రేడియోలో వినపడ్డాయి, కానీ వాటిని తరాల తరబడి మోసిన వాద్యం మాత్రం అందులో లేదు. శాస్త్రీయ సంగీతానికి ఆ అభ్యంతరం న్యాయమైనదే, తోడి రాగానికి హార్మోనియం సరిపోదు. స్టేజి పద్యం సంగతి వేరు. దాని రాగాలు మరాఠీ, పార్శీ నాటకాల గాలితో, కాఫీ, భీంపలాస్, బేహాగ్ లాంటి హిందుస్తానీ చాయలతో, ఆ మెట్ల మీదే పెరిగాయి. తాను వాయించే పద్యాన్ని తన పెట్టె లేకుండా రేడియోలో విన్న మాస్టార్ల గురించి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వాళ్ళలో సినిమా దారి పట్టగలిగినవాళ్ళు కొందరే. ‘జగదేకవీరుని కథ’ సంగీతదర్శకుడు పెండ్యాల నాగేశ్వరరావు నాటకాల హార్మోనియం నుంచి వచ్చినవారే.

తెలంగాణ పల్లెల్లో ఇదే ఉత్సాహం చిరుతల రామాయణంలో కనపడేది. చేతుల్లో చిరుతలు పట్టి, లయ వేస్తూ, గుండ్రంగా అడుగులేస్తూ పాడే ఆట. అక్కడా నేర్పే గురువు బయటినుంచి వచ్చేవాడు, అక్కడా నెలల తరబడి రాత్రిళ్ళు సాధన, అక్కడా రాముడూ రావణుడూ ఊరివాళ్ళే. అక్కడ చాలామంది చేతులు ఒక్క లయలో కలవాలి. కోస్తా పద్యం మైకు కింద ఒంటరిగా నిలబడ్డ గొంతు మీద ఆధారపడింది.

ఇదంతా ఒక్కసారిగా పోలేదు. టూరింగు టాకీసులు వచ్చినా నాటకం తట్టుకుంది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, ఆ తర్వాత ఊరూరా వెలసిన పరిషత్తులు పోటీల పేరుతో సాంఘిక నాటకాన్ని పెంచాయి. చదువుకున్న కుర్రాళ్ళు పద్యం లేని నాటకాల వైపు మళ్ళారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలై, తర్వాతి పదేళ్ళలో పల్లెల దాకా చేరింది. రాత్రి పదికి బయల్దేరి తెల్లవార్లూ కూర్చునే అలవాటు తప్పింది.

క్యాసెట్టు చేసిన మార్పు ఇంకొంచెం లోతైంది. అంతకుముందు ఒకే పద్యం ఒక్కో ఊళ్ళో ఒక్కో రాగంలో వినపడేది, ఎందుకంటే ఒక్కో మాస్టారిది ఒక్కో కట్టుబడి. షణ్ముఖి, డి.వి. సుబ్బారావు, ఎ.వి. సుబ్బారావుల పద్యాలు టేపు రికార్డర్లలో ఇంటింటా మోగడం మొదలయ్యాక కుర్రాళ్ళు మాస్టారి దగ్గర కాక టేపు దగ్గర నేర్చుకున్నారు. మహా గాయకుల సంగతులు అచ్చం అలాగే దించగలిగారు. వినేవాళ్ళూ ఊరి గొంతును టేపుతో పోల్చి చూశారు. ఆ పోలికలో దర్జీ నక్షత్రకుడూ రైతు ధర్మరాజూ నిలబడలేకపోయారు. మొదట వాళ్ళు బయటి నటుల కోసం చందాలు ఎక్కువ వేసుకున్నారు, తర్వాత తాము వేషాలు మానేశారు, ఆ తర్వాత చందాలూ మానేశారు.

పద్యం పాడేవాళ్ళు ఇప్పుడూ ఉన్నారు. పోటీలు జరుగుతున్నాయి. శివరాత్రికి, ఉత్సవాలకు కొన్ని ఊళ్ళు ఇంకా నాటకం పెట్టిస్తున్నాయి. మొత్తం నాటకం కాదు, కాటి సీనో రాయబారమో, గంటా రెండు గంటల్లో ముగిసేలా. లెగ్ హార్మోనియం స్థానంలో కీబోర్డు వచ్చింది. దానికి శృతి మార్చే మీట ఉంది. కృష్ణుడు ఐదున్నర అంటే ఒక్క నొక్కు, ధర్మరాజు నాలుగు అంటే ఇంకో నొక్కు, వేళ్ళు మాత్రం ఎప్పుడూ అవే మెట్ల మీద. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఇది ఎంతో మేలు. కానీ పాడేవాడు భయపడి అరమెట్టు జారితే, పద్యం మధ్యలో ఆ మీట వెతుక్కునే వ్యవధి ఉండదు.

మాస్టార్లకు రూళ్ళ పుస్తకాలుండేవి. పద్యం ఎత్తుగడ, ఎదురుగా రాగం పేరు, పక్కన వేషగాడి శృతి, కొన్నిచోట్ల పెన్సిలుతో సంగతులు. ఏ ఊరికి ఏ కట్టుబడి చేశారో అందులో ఉంటుంది. టేపులో ఎక్కని రాగాలన్నీ అక్కడే ఉన్నాయి. అలాంటివి కొన్ని ఇళ్ళలో అటకల మీద ఇంకా మిగిలే ఉంటాయి, ఎవరూ అడగకపోతే పాత కాగితాలతో పాటు తూకానికి వెళ్ళిపోతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల శాఖలున్నాయి. ఊరికొక విద్యార్థిని పంపినా చాలు. డెబ్బై, ఎనభై దాటిన ఊరి ధర్మరాజులూ దుర్యోధనులూ చాలాచోట్ల ఇంకా ఉన్నారు, పద్యాలు మరిచిపోలేదు. వాళ్ళను స్టూడియోలకు పిలవక్కర్లేదు. వాళ్ళ అరుగు మీదే, వాళ్ళు అలవాటుపడ్డ శృతిలోనే, మళ్ళీ ఒక లెగ్ హార్మోనియం పక్కన పెట్టి పాడించి, ఏ మాస్టారి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరుతో సహా రికార్డు చేయాలి.